నాలుగు టిప్పర్ల మట్టి ఎత్తితే చాలదు! మన బోర్ల సంగతి తేల్చాలి!

కాలనీ వాసులారా! అక్కలారా, అన్నలారా!

మెయిన్ రోడ్డు పెట్రోల్ బంకులో భూమిలోని ట్యాంకు కారింది. వెనక వీధి బోర్ల నీళ్లు పెట్రోలు వాసన కొడుతున్నాయి. ట్యాంకు మార్చారు. ఇప్పుడు జేసీబీ పెట్టి నాలుగు టిప్పర్ల మట్టి ఎత్తి, కొత్త మొరం పోసి, పైన సిమెంటు వేస్తారట. దాంతో శుద్ధి అయిపోయినట్టే, సంతకాలు పెట్టండని పెట్రోలు కంపెనీ వాళ్లు ఇంటింటికీ తిరుగుతున్నారు. పెట్టకండి!

మట్టి తవ్వడం తప్పని మేం అనడం లేదు. ట్యాంకు చుట్టూ పెట్రోలుతో తడిసిన మట్టిని తీయాల్సిందే. కానీ హైదరాబాద్ నేల ఎలాంటిదో బోరు వేయించిన ప్రతి ఇంటికీ తెలుసు. పైన మొరం, కింద పగుళ్ల రాయి. మొరంలో దిగిన పెట్రోలు నీళ్లను అందుకున్నాక వాటి మీద తేలుతూ, పగులు ఎటుంటే అటు పోతుంది. జేసీబీ అక్కడికి అందదు. ఎండాకాలం నీళ్లు దిగితే పెట్రోలూ దిగి మట్టికి, రాయికి పట్టేస్తుంది. వానలు పడి నీళ్లు పెరిగితే మళ్లీ కదులుతుంది. నెల రోజులు వాసన రాకపోయినా నమ్మడానికి లేదు.

మన దేశ ప్రమాణం ప్రకారం పెట్రోలులో 1 శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు. బెంజీన్ క్యాన్సర్ కారకం. తాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లెక్క వేసి చూడండి: ఒక్క లీటరు పెట్రోలులో ఉండగల బెంజీన్, 5000 లీటర్ల ట్యాంకర్లు 170 నింపినా ఆ నీళ్లన్నిటినీ పాడుచేయగలదు!

మరి ఏ పద్ధతి మంచిది? నేలలో గొట్టాలు దించి పంపుతో గాలి లాగితే పెట్రోలు ఆవిరై బయటికి వస్తుంది. గాలి ఆడే మొరానికి ఇది బాగా కుదురుతుంది. నల్లరేగడిలో పెడితే దండగ. వచ్చిన ఆవిరిని బొగ్గు ఫిల్టర్లో పట్టాలి, మన కిటికీల్లోకి వదలకూడదు. కారింది డీజిలైతే లెక్క మారుతుంది. అది అంత తొందరగా ఆవిరి కాదు. నేలలోకి మెల్లగా గాలి పంపి సూక్ష్మజీవుల చేత తినిపించాలి. ఖర్చు తక్కువే, కానీ ఏళ్లు పట్టొచ్చు. తవ్విన మట్టిని కుప్పపోసి తేమ, ఎరువు ఇచ్చి శుద్ధి చేయడమూ ఉంది, కానీ ఇళ్ల మధ్య అంత జాగా ఏది? రసాయనాలు ఎక్కించడం వేగమైన పనే. అయితే పగుళ్ల రాయిలో ఆ మందు పెట్రోలు ఉన్న చోటికే పోతుందన్న భరోసా ఎవరిస్తారు?

తడిసిన మట్టి తీయడం, చుట్టూ ఆవిరి లాగడం, నీళ్ల మీద తేలే పెట్రోలు తోడడం, ఈ మూడూ కలిపి చేయాలన్నది మా అభిప్రాయం. అయితే మా మాట మీదా, కంపెనీ మాట మీదా తేల్చే పని కాదిది. ముందు పరీక్ష బోర్లు వేసి, పెట్రోలు ఎంత లోతు, ఎంత దూరం పోయిందో కొలవాలి. ఆ లెక్కలతో ఏ పద్ధతికి ఎంత కాలం, ఎంత ఖర్చు, చివరికి నీళ్లు ఎంత శుభ్రమవుతాయో తెలుగులో రాసి మన ముందు పెట్టాలి. ఎత్తిన మట్టి దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేరినట్టు రసీదు చూపాలి. ఏ చెరువు శిఖంలోనో పోసి మన పీడ ఇంకో ఊరికి అంటగడితే ఊరుకోం!

చట్టం మన వైపే ఉంది. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నియమాలు తెచ్చింది. కాలుష్యం చేసినవాళ్లే శుద్ధి ఖర్చు భరించాలి. చెన్నై తండయార్‌పేటలో 2013లో భూగర్భ పైపులైను కారి ఇళ్ల బోర్లలోకి చమురు వచ్చింది. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, ఏళ్ల తరబడి సాగింది. మనం అంత కాలం ఆగలేం కాబట్టే ఇప్పుడే కదలాలి.

వాసన వచ్చే నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. మరిగిస్తే ఆ విషం వంటింటి గాలిలో కలుస్తుంది. సంపు, సెల్లార్ దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు. పరీక్షకు ఇచ్చే నీళ్లు గాజు సీసాలో, గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఐసులో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు పంపాలి. ప్లాస్టిక్ సీసా పనికిరాదు. బంకులో పనిచేసేవాళ్లతో గొడవ పడకండి. ఆ ఆవిరి మనకంటే ఎక్కువ పీల్చేది వాళ్లే.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాలుకు ఇంటికొకరు రండి. మీ బోరు లోతు, వాసన మొదలైన తేదీ రాసుకొని రండి. సోమవారం పొద్దున అందరం కలిసి కలెక్టరేట్ ప్రజావాణికి వెళ్దాం. అదే అర్జీ కాలుష్య నియంత్రణ మండలికీ ఇద్దాం. ముద్ర వేయించిన రసీదు చేతికి వచ్చేదాకా కదలొద్దు!

ఇట్లు
బంకు వెనక వీధి వాసులు