ఓర్చుకునే చెట్టుకీ నీళ్ళు కావాలి

మా కొబ్బరితోటలో అంతరపంటగా కోకో వేశాం. ఓ వేసవిలో బోరు అడుగంటింది. కొద్దిరోజులకే వేలెడేసి పిందెలు నల్లబడి, రాలకుండా కొమ్మలకే ఎండిపోయాయి. తెగులేమోనని నేను కంగారుపడుతుంటే నాన్న మాత్రం, "అడవి చెట్టేరా! అదే అలవాటు పడుతుందిలే" అన్నారు. మిత్రులారా, ఆ మాటతోనే నాకు పేచీ.

తెగులు కాదనీ, చెట్టు చేసుకునే పొదుపనీ మా వృక్షశాస్త్రం మాస్టారు చెప్పారు. కోకో అమెజాన్ అడవుల్లో పెద్దచెట్ల నీడన పుట్టిన జాతి. దాని పీచువేళ్ళలో అధికభాగం నేల పైపొరలోనే ఉంటాయి. తడి ఆరగానే అది పత్రరంధ్రాలు మూసుకుంటుంది. కణాల్లో చక్కెరలు, లవణాలు కూడబెట్టి ఉన్న నీటిని పట్టి ఉంచుతుంది. అప్పటికీ చాలకపోతే ఆకులు రాలుస్తుంది, పిందెలను వదులుకుంటుంది. నిజమే, ఇది అలవాటు పడటమే. కానీ ఆ అలవాటుకు మూల్యం పంటే కదా!

పైగా దాని ఓర్పు ఒంటరి ఓర్పు కాదు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో 2007-08లో ఒక తోటలో పందిరి కట్టి, వాననీటిలో చాలాభాగం నేలకు చేరకుండా 13 నెలలు ఆపారు. దిగుబడి సుమారు 10 శాతమే తగ్గింది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ. పక్కనున్న గ్లైరిసీడియా లోతునీరు తాగి, పైనీటిని కోకోకు వదిలింది. అదే బ్రెజిల్‌లోని బహియాలో 2015-16 కరువుకు, చెట్లనీడ ఉన్న తోటల్లోనే దిగుబడి 89 శాతం పడిపోయింది, చెట్లూ చచ్చాయి. ఆ ఏడే ఘనాలో దిరిసెన జాతి చెట్టు కింది కోకో చచ్చి, ఎండలోది బతికింది. నీడనిచ్చిన చెట్టే నీటికి పోటీ వచ్చింది!

కాబట్టి నా అభిప్రాయం ఒక్కటే. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో కోకో వేసేవాళ్ళు ముందు లెక్కచూడాల్సింది ధర కాదు, వేసవిలో బోరు ఎన్నాళ్ళు పోస్తుందన్నది. ఆ నీళ్ళు రెండు పంటలకూ చాలాలి. ఎండుటాకులు మొదళ్ళలో మల్చింగ్‌గా పరచాలి. వృక్షశాస్త్ర విద్యార్థులు ఒక్క వేసవి పల్లెలకు పోయి, తడి పెట్టిన తోటలోనూ పెట్టని తోటలోనూ ఎండిన పిందెలు లెక్కపెట్టి రైతుకు చూపితే, అంతకు మించిన ప్రాక్టికల్స్ ఏముంటాయి?

చెట్టు నోరు తెరిచి అడగదు. పిందెలు వదులుకుని ఊరుకుంటుంది. ఓర్చుకునేవాడి ఓర్పే వాడికి శాపం కాకూడదు. ఇది కోకోకొక్కదానికే చెందిన మాట కాదని మీకూ తెలుసు.