సేవాపథం: బిడ్డకు ఇల్లు, ఇంటికి అండ

సేవా సంస్థల పరిచయానికి ఉద్దేశించిన ఈ శీర్షికలో ఈసారి మేము పుదుచ్చేరి పట్టణాన్ని ఎన్నుకున్నాము. ఆ పేరు వినగానే సముద్రతీరం, ఫ్రెంచివారి కాలంనాటి వీధులు, అరవిందాశ్రమం మన తలపునకు వస్తాయి. యానాం ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కావడం వల్ల తెలుగువారికి ఆ పట్టణం పరాయిది కాదు. అయితే మేము ముచ్చటించదలచినది యాత్రికులు సాధారణంగా అడుగుపెట్టని పేటలను గురించి, అక్కడ బిడ్డలను బడిలోనూ ఇంటిలోనూ నిలబెట్టడానికి సాగుతున్న కృషిని గురించి.

ఆ పట్టణంలో వేలాది కుటుంబాలకు చిరకాలం నూలుమిల్లులే ఆధారం. 1898లో వెలసి, జనం నోట రోడియర్ మిల్లుగా ప్రసిద్ధికెక్కిన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ తరువాతి కాలంలో ప్రభుత్వ రంగ సంస్థ అయింది. 2011 డిసెంబరు 30న తీరం దాటిన థానే తుఫాను దానిని తీవ్రంగా దెబ్బతీసింది. 2020 ఏప్రిల్‌లో ఆ మిల్లు శాశ్వతంగా మూతపడింది. నెల తిరిగేసరికి చేతికందే జీతం విలువ ఏమిటో ప్రభుత్వ రంగంలో పనిచేస్తున్న మనకు వేరుగా చెప్పనక్కరలేదు. అది ఆగిన ఇంట్లో మొదట తగ్గేవి పాలు. తరువాత బడి ఫీజు బకాయి పడుతుంది. ఆపై తల్లి నాలుగిళ్ళలో పాచిపనికి కుదిరితే, చంటివాడిని ఎత్తుకొని కూర్చోవడానికి పెద్దపిల్ల చదువు మానుతుంది. ఇది మిల్లు కార్మికుల ఇళ్ళకే పరిమితమైన కథ కాదు. చేపలవేట సాగని రోజుల్లో జాలరి ఇంట్లోనూ, తండ్రి తాగుడుకు బానిసైన ఇంట్లోనూ, తల్లి ఒంటరిగా మిగిలిన ఇంట్లోనూ ఇదే క్రమం కనిపిస్తుంది.

ఆ దశలో తల్లికి తోచే ఉపాయం ఒక్కటే: బిడ్డను ఏదైనా ఆశ్రమంలో చేర్చడం. అక్కడ అన్నం దొరుకుతుంది, చదువూ దొరుకుతుంది. ప్రపంచవ్యాప్తంగా అనాథాశ్రమాలలో పెరుగుతున్న పిల్లలలో అత్యధికులకు తల్లో తండ్రో జీవించే ఉన్నారని బాలల సంక్షేమ సంస్థలు ఏనాటినుంచో చెబుతున్నాయి. అంటే వారిని ఇంటికి దూరం చేసింది చాలావరకు మృత్యువు కాదు, పేదరికం. ఈ సత్యాన్ని గుర్తించినందువల్లనే పుదుచ్చేరిలోని కొన్ని సంస్థల కృషి మాకు విశేషంగా కనిపించింది.

వాటిలో పాతది వొలొంతారియా. ఫ్రెంచి పాలిత ప్రాంతాలు చట్టబద్ధంగా భారతదేశంలో విలీనమైన 1962లోనే, బెల్జియం నుంచి వచ్చిన మడెలైన్ హెర్మన్ అనే యువతి అక్కడ సేవ ఆరంభించారు. పేదలకు వైద్యంతో, కుష్ఠురోగుల సంరక్షణతో మొదలైన ఆ పని క్రమంగా పిల్లల చదువుకూ, చేతిపనుల ద్వారా పెద్దల జీవనోపాధికీ విస్తరించింది. 2000లో రాజకళా పార్థా స్థాపించిన శరణ వీధిబాలలతోనూ, నిరుపేద కుటుంబాలతోనూ పనిచేస్తూ పిల్లల చదువుకు దాతలను సమకూరుస్తున్నది. 2003లో చిత్రా షా ప్రారంభించిన సత్య స్పెషల్ స్కూల్ ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు విద్యనూ చికిత్సనూ అందిస్తున్నది. అటువంటి బిడ్డ ఉన్న తల్లికి గడప దాటడమే గగనం. బిడ్డ కొన్ని గంటలు బడిలో ఉంటే ఆమె కూలికైనా వెళ్ళగలదు.

ఈ సేవలో కీలకమైనది పోషక దాతల పద్ధతి. దాత నెలనెలా లేదా ఏటేటా కొంత సొమ్ము ఇస్తారు. బిడ్డ మాత్రం తన ఇంట్లోనే ఉంటుంది. సంస్థ కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి అద్దె ఎంత, అప్పు ఎంత, సంపాదించేవారు ఎవరు, బిడ్డ బడికి సక్రమంగా వెళుతున్నదా అని విచారిస్తారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, వైద్యం ఆ సొమ్ముతో సమకూరుతాయి. చంటిపిల్లలకు శిశుసంరక్షణ కేంద్రం, పెద్దపిల్లలకు సాయంకాలపు ట్యూషను తోడైతే ఆ ఇల్లు ఊపిరి తీసుకుంటుంది. చంటివాడిని చూసేవారు దొరికిననాడు తల్లికి పనీ, అక్కకు బడీ ఒకేసారి దక్కుతాయి. ఒక్క ఏర్పాటుతో ముగ్గురు నిలబడతారు.

మన చట్టం కూడా ఈ మార్గాన్నే సమర్థిస్తున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టం బిడ్డ పెంపకంలో ప్రథమ బాధ్యత కుటుంబానిదేననీ, సంస్థలో చేర్చడం చిట్టచివరి ఉపాయం కావాలనీ నిర్దేశించింది. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం, ఇంట్లోనే పెరిగే అర్హులైన బాలలకు నెలకు 4,000 రూపాయల పోషణ సహాయం నిర్ణయించింది. పట్టణాలలో కుటుంబ వార్షికాదాయం 96,000 రూపాయలకు, గ్రామాలలో 72,000 రూపాయలకు మించరాదు. మన ఇళ్ళలో పనిచేసే అమ్మలలో, మన కాలనీ గేటువద్ద కూరలమ్మే తల్లులలో ఈ సహాయానికి తగినవారు ఉండవచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగం చిరునామా వారికి తెలియజేయడం కూడా దానమే. ఆపదలో ఉన్న బిడ్డ కంటబడితే 1098 నంబరుకు ఫోను చేయాలని మన పిల్లలకు సైతం నేర్పుదాము. 1996లో ముంబయిలో మొదలైన ఆ సేవ నేడు ప్రభుత్వ నిర్వహణలో రేయింబవళ్ళు అందుతున్నది.

ఇక మన అలవాటు సంగతి. పుట్టినరోజునాడు, పెద్దల తద్దినంనాడు అనాథాశ్రమానికి వెళ్ళి ఒకపూట భోజనం పెట్టించడం మన కుటుంబాలలో ఆనవాయితీ. అది సత్సంకల్పమే, దానిని మానుకోమని మేము అనడం లేదు. కాని పండుగలనాడు మూడు విందులు వచ్చిన ఆశ్రమానికి జూన్ నెలలో ఫీజు కట్టే నాథుడు ఉండకపోవచ్చు. విందు ఒక్కరోజుది, బడి పది నెలలది. మరొక విన్నపం: పిల్లలతో ఫొటోలు దిగి నలుగురికీ పంపవద్దు. సంరక్షణ అవసరమైన బిడ్డ గుర్తింపును బయటపెట్టడం ఆ చట్టప్రకారమే నేరం. పైగా అన్నం తిన్నందుకు ఫొటో దిగవలసి రావడం ఎదిగే బిడ్డ మనసును ఎంత నొప్పిస్తుందో మన బిడ్డలను తలచుకుంటే తెలుస్తుంది.

దానం చేయదలచినవారు ఆ సంస్థను ఒక ప్రశ్న తప్పక అడగాలని మా మనవి. ఎందరు పిల్లలను చేర్చుకున్నారని కాదు, ఎందరిని తమ ఇళ్ళలోనే ఉండి చదువుకొనేలా చేయగలిగారని. ఆ రెండవ ప్రశ్నకు సంతోషంగా సమాధానం చెప్పే సంస్థ పుదుచ్చేరిలో ఉన్నా, మన ఊరిలో ఉన్నా, మన జీతంలోని చిన్న భాగం అక్కడ సార్థకమవుతుంది.