పాత రంపపు మిషను మార్చునప్పుడు



కొబ్బరి, మామిడి తోటలున్న కుటుంబములకు చెట్లు కోసే చైన్ రంపపు మిషను ఇప్పుడు క్రొత్త వస్తువు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరమును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానమును కొట్టినప్పుడు కూలిన చెట్లను తీయుటకు గొడ్డళ్లు చాలలేదు. ఆ రోజులలో కొన్న మిషన్లు ఇప్పుడు ముసలివైపోయినవి. “దీనినే బాగు చేయించుదుమా అయ్యగారూ, క్రొత్తది తీసుకొందుమా? తీసుకుంటే ఏది?” అని ఇండ్ల దర్శనమునకు వెళ్ళినచోట మమ్ములను అడుగుచున్నారు. పాస్టరుగారికి రంపముతో ఏమి పని అనుకొనవద్దు. కాలు తెగినవాని ఇంటి నుండి రాత్రివేళ పిలుపు వచ్చేది మాకే గదా.

మొదట పాతదానిని ఒకసారి చూడండి. ముందు పిడికి ఎదురుగా అడ్డముగా ఒక ప్లాస్టిక్ రెక్క ఉండును. చాలామంది అది చేతికి చెత్త తగలకుండా పెట్టిన అడ్డు అనుకుంటారు. అది బ్రేకు. దానిని ముందుకు నెట్టగానే లోపల క్లచ్ డ్రమ్ము చుట్టూ ఉన్న ఉక్కు పట్టీ బిగిసి గొలుసును ఆపివేయును. తిరిగే గొలుసు బారు కొనలో పైభాగము ఏ కొమ్మకో, ప్రక్క మొద్దుకో తగిలినచో పళ్ళు అక్కడ పట్టుకొని, మిషను మొత్తము పైకి, వెనుకకు, మన ముఖము మీదికి ఎగురును. దీనినే కిక్‌బ్యాక్ అంటారు. రెప్పపాటు కూడా పట్టదు. మనిషి చేయి తీసుకొనే లోపల పని అయిపోవును. అప్పుడు ఎడమచేతి మణికట్టు ఆ రెక్కకు తగిలియో, మిషను ఎగిరిన అదురుకు తానంతట తానో బ్రేకు పడవలెను. బ్రేకు ఉన్నంత మాత్రాన దెబ్బ తగలదని కాదు గాని, లేనివానికి ఆ ఆశ కూడా లేదు.

పల్లెలలో జరుగుచున్నది ఏమనగా, పట్టీ అరిగి గొలుసు పట్టేస్తున్నదని చెప్పగా మెకానిక్కు దానిని ఊడదీసి, “ఇక ఇబ్బంది లేదండి” అని ఇచ్చుచున్నాడు. మిషను చక్కగా తిరుగును, అందరికీ సంతోషము! అటువంటి మిషనుకు క్రొత్త పట్టీ దొరికితే వేయించండి. దొరకకపోతే కార్బ్యురేటరు మీద, పిస్టను మీద ఇంకొక రూపాయి పెట్టవద్దు. మార్చుటకు అదే సమయము.

ఇక క్రొత్తది. బజారులో 58 సీసీ, 22 అంగుళముల బారు అని పెద్ద అక్షరములతో వ్రాసిన పెట్టెలు చవకగా కనబడును. ఆ అంకెలు చూచి మోసపోవద్దని మా మనవి. ఇంటి అవసరమునకు, అనగా పడిన కొమ్మలు, వంటచెరకు, ఎప్పుడైనా ఒక ఎండిన వేపకో మామిడికో, 35 నుండి 45 సీసీ ఇంజను, 14 లేక 16 అంగుళముల బారు చాలును. మొద్దు మందము కంటే బారు రెండు అంగుళములు ఎక్కువుంటే సుఖము. అంతకంటే లావైనదానిని ఇటునుండి కొంత, అటునుండి కొంత కోయవచ్చును. బారు పొడవైనకొలది దాని కొన ఎక్కడ తగులుచున్నదో కంటికి కనబడదు, చేతికి బరువు. సాయంత్రమునకు భుజములు అలసినప్పుడే ప్రమాదములు జరుగును.

కొట్టులో మిషనును నడిపించి చూపమనండి. ఆక్సిలేటరు వదిలినప్పుడు గొలుసు పూర్తిగా నిలిచిపోవలెను. వేగముగా తిరుగుచుండగా ఆ రెక్కను నెట్టితే వెంటనే ఆగవలెను. చూపనన్న కొట్టువాని దగ్గర కొనకుండా రండి. బ్రేకు పట్టీ, గొలుసు, దారము లాగే స్టార్టరు మీ మండల కేంద్రములోనైనా దొరుకునా అని ముందే విచారించండి. విడిభాగములు దొరకని ఐదారువేల మిషను కంటే, దొరికే ఇరవైవేల మిషనే చవక. ఇది మా అభిప్రాయము. అంత డబ్బు ఒక్క ఇంటికి భారమైతే ఇద్దరు అన్నదమ్ములు కలిసి కొనవచ్చును. ఏడాదికి పది రోజుల పనికి ఇంటికొకటి ఎందుకు?

బ్యాటరీ మిషన్లు కూడా వచ్చినవి. చేతి మందము కొమ్మలకు అవి బాగున్నవి, శబ్దము తక్కువ, నూనె కలపనక్కరలేదు. అయితే తుఫాను తరువాత వారము రోజులు కరెంటు లేని ఊళ్ళలో వాటిని దేనితో ఛార్జి చేస్తారో ఆలోచించుకోండి.

గొలుసు విషయములో ఒక ముచ్చట. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రములో జోసెఫ్ కాక్స్ అను కట్టెలు కొట్టువాడు, ఒక పురుగు పిల్ల దుంగను కుడిఎడమలకు తొలుచుట చూచి, ఆ దవడల రీతిగా పళ్ళు చేసినాడు. నేటి గొలుసులకు అదే మూలము. కొబ్బరి, తాటి మొద్దుల పీచు ఆ పళ్ళను త్వరగా మొద్దుబార్చును. మనకు పంటి మూల గుండ్రముగా ఉన్న రకమే మేలు, మట్టికి తట్టుకొనును. రంపపు పొట్టు పలుకులుగా రాక పిండిగా రాలుచున్నదంటే ఆకురాయి పట్టవలసిన సమయము వచ్చినది. పంటికి ముందున్న చిన్న కొమ్మును మాత్రము అతిగా అరగదీయకండి, పన్ను ఎక్కువ లోతు కరచి మిషను ఎగురును.

పెట్రోలులో టూ-స్ట్రోక్ నూనె అంచనాగా పోయు అలవాటు స్కూటర్ల కాలము నుండి వచ్చినది. మిషను పుస్తకములో 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40. ఇప్పటి బంకు పెట్రోలులో ఇథనాల్ కలియుచున్నందున అది తేమను పీల్చి, నిలువ ఉంచితే కార్బ్యురేటరును పాడుచేయును. కావున కావలసినంతే కలిపి, పని ముగియగానే ట్యాంకు ఖాళీ చేయండి. ట్రాక్టరులో తీసిన నల్లనూనెను గొలుసునూనె ట్యాంకులో పోయవద్దు. కోసేవాడు లుంగీ, తువ్వాలుతో కాక ప్యాంటు, బూట్లు, కళ్ళద్దములతో దిగవలెను. నిచ్చెన మీద గాని, చెట్టెక్కి గాని, భుజము కంటే పైకెత్తి గాని కోయకూడదు.

చివరకు ఆ పాత మిషను. క్రొత్తది రాగానే “పాపము, పాలేరుకు ఇద్దాము, కూలికి వెళ్ళి నాలుగు డబ్బులు తెచ్చుకుంటాడు” అని మంచి మనసుతోనే అనుకొను ఇండ్లు మేము చూచితిమి. పొడుచునదని తెలిసియు ఎద్దును కట్టివేయని యజమానుని గూర్చి నిర్గమకాండము 21వ అధ్యాయములో ఉన్నది మీకు తెలియును. బ్రేకు లేదని మీకు తెలుసు, అతనికి తెలియదు. అమ్మినా అంతే. అతనికి సాయము చేయదలచితే క్రొత్త మిషనును అద్దె లేకుండా వాడుకొననిచ్చి, మొదటి రోజు ప్రక్కన నిలిచి నేర్పండి. పాతదాని బారు, గొలుసు వేరుచేసి, ట్యాంకు ఆరబెట్టి, ఇంజను దారము కోసివేసి ఇనుప సామాను వానికి తూకానికి వేయండి.