కొలుసుడు ఒక ఫైల్ల, నేర్పుడు ఇంకో ఫైల్ల

కాలేజీలకు ఇచ్చే గ్రేడులు తీసేసి, గుర్తింపు ఉన్నదా లేదా అని రెండే మాటల్ల తేల్చే పద్ధతి తెస్తమని న్యాక్ 2024ల ప్రకటించింది. మంచిదే. కానీ మన సర్కారు డిగ్రీ కాలేజీలల్ల చదివే పోరగాండ్లకు దీంతోని ఏమొస్తది? తమ్ముండ్లు, చెల్లెండ్లు జర ఆలోచించుండ్రి.

1994ల పెట్టిన ఈ న్యాక్ ఇన్నేండ్లు కాలేజీలను 7 అంశాల మీద చూసింది. రెండో అంశం కింద పిల్లలు ఏం నేర్చుకున్నరో రాయాలె. ఆరో అంశం కింద సార్లకు, మేడమ్‌లకు ఏం శిక్షణ ఇచ్చిన్రో రాయాలె. కొలుసుడు ఒక ఫైల్ల, నేర్పేటోళ్ల శిక్షణ ఇంకో ఫైల్ల. నేను చూసినకాడ ఈ రెండు ఫైళ్లు ఒకదాని మొఖం ఒకటి చూసుకోవు. అసలు రోగం గీడనే ఉన్నది.

ఒక లెక్క చెప్త. బీకామ్ పిల్లలను గిట్ల అడిగిన్రు అనుకోండ్రి: ట్రాక్టర్ ధర 6 లక్షలు, ఏటా మిగిలిన ధర మీద 15 శాతం తరుగు, రెండేండ్లకు ఎంత మిగుల్తది? జవాబు 4,33,500. క్లాసుల సగం మంది 4,20,000 అని రాసిన్రు. అంటే రెండో ఏడు గూడ 90,000 తీసేసిన్రు. వాళ్లకు తీసివేత రాక కాదు, 'మిగిలిన ధర మీద' అన్న మాట ఎక్కలే. ప్రశ్న ఇంగ్లిష్‌ల ఉండి, పిల్లలు తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్లయితే అది ఇంకా దూరం. గిది పట్టుకునుడే పరీక్ష పని. మన ఇంటర్నల్ పరీక్షల మటుకు సున్నా వేసి, మార్కుల రిజిస్టర్ల ఎక్కించి, బీరువాల పెడ్తరు. సున్నా ఎందుకొచ్చిందో పిల్లగానికి తెల్వది, చెప్పినాయనకూ తెల్వది.

ఇగ శిక్షణ సంగతి. 1986-87ల అకడమిక్ స్టాఫ్ కాలేజీలు మొదలువెట్టిన్రు. 2023ల వాటినే మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రాలని పేరు మార్చిన్రు. రిఫ్రెషర్ కోర్సు చేస్తెనే ప్రమోషన్ కదులుతది కాబట్టి, సర్టిఫికెట్ కోసం పోయేటోళ్లు ఎక్కువ. వాళ్లను తప్పు పట్టను. పాఠంతోపాటు అడ్మిషన్లు, స్కాలర్‌షిప్‌లు, ఫైళ్లు అన్నీ వాళ్ల నెత్తి మీదనే ఉన్నయి. కానీ 'మా పిల్లలు ఈడ ఆగిపోతున్నరు, ఇది ఎట్ల చెప్పాలె' అని అడిగే జాగ ఆ కోర్సులల్ల ఏది?

గెస్ట్ లెక్చరర్ల గోస ఇంకోటి. లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండ ఇయ్యొచ్చని యూజీసీ 2019ల చెప్పింది. ఎంత ఇస్తున్నరన్నది ఒక పంచాయితీ అయితే, దేనికి ఇస్తున్నరన్నది ఇంకో పంచాయితీ. పీరియడ్‌కు లెక్కగట్టి పైసలిస్తే, పేపర్లు దిద్ది తప్పులు వెతికిన గంటకు కూలి ఎవలిస్తరు? శిక్షణకు పోయిన రోజు కూలి ఎవలిస్తరు? ఎక్కువ క్లాసులు వాళ్లే చెప్పే కాలేజీల, వాళ్లను పక్కకు వెట్టి ఎంత ప్లాన్ గీసినా అది కాయిదం మీదనే ఉంటది.

దీనికి కోట్ల రూపాయలు అక్కర్లే. సెమిస్టర్ మొదట్ల మార్కులు లేని చిన్న పరీక్ష పెట్టాలె. పిల్లలు యాడ ఆగుతున్నరో చూసి, ఆ డిపార్ట్‌మెంట్ సార్లు, గెస్టులు నెలకు ఒక పూట కూసోని మాట్లాడుకోవాలె. ఆ పూటకు గెస్టులకు గూడ పైసలియ్యాలె. ఆడ తేలిన ఇబ్బంది మీదనే శిక్షణ అడగాలె. ఆఖరికి అదే తీరు ప్రశ్న మళ్ల ఇచ్చి, ఫరక్ వచ్చిందా లేదా చూడాలె.

మీరు చేసే పని గూడ ఉన్నది. దిద్దిన ఇంటర్నల్ పేపర్ చూపియ్యమని అడుగుండ్రి. 'సార్, నా తప్పు యాడుంది?' అనుడు ఎదిరించుడు గాదు, అది చదువుకునేటోళ్ల హక్కు. ఏడాదిల గెస్టులకు ఎన్ని రోజుల శిక్షణ ఇచ్చిన్రో 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండ్రి. న్యాక్ టీమ్ వచ్చి రెండు మూడు రోజులుండి పోయేది. మూడేండ్లు ఆ బెంచీల మీద కూసునేది మీరే.