విగ్రహం సరే, నిర్ణయం ఎవరిది?

2023 మే నెలలో ఖమ్మం లకారం చెరువులో తలపెట్టిన 54 అడుగుల ఎన్టీఆర్ విగ్రహంపై హైకోర్టు స్టే ఇచ్చింది. నటుణ్ణి కృష్ణుడి రూపంలో నిలపడమేమిటన్నది యాదవ సంఘాల అభ్యంతరం. వాదమంతా పింఛం, వేణువుల చుట్టూనే తిరిగింది. ఊరుమ్మడి చెరువులో ఏ శిల్పం ఉండాలో ఎవరు, ఏ పద్ధతిలో తేల్చాలన్న ప్రశ్న వెనకబడింది.

అదే ఏడాది జనవరిలో ఖమ్మం, కొత్తగూడెంలలో కొత్త కలెక్టరేట్లు తెరుచుకున్నాయి. ఆ పక్కనే, భద్రాచలం అడవి అంచున, కోయల వంశగాథలను డోలీలు పడిగెలు చూపుతూ గానం చేస్తారు. ఆ పరంపరలోని సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ దక్కింది; 2024లో ఆయన కన్నుమూశారు. పురస్కారం వేరు, పని వేరు. ఫ్రాన్స్ 1951లోనే విద్యాలయాల నిర్మాణ వ్యయంలో ఒక శాతాన్ని కళకు కేటాయించింది. మన అంచనా పత్రాల్లోనూ ఆ పద్దు మొదటే ఉండాలి. సున్నం వేసేనాడు కాంట్రాక్టరుకు తోచే అలంకారంగా కాదు. ఎంపిక సంఘంలో ఆదివాసీ, దళిత కళాకారులకు అలంకారప్రాయమైన కుర్చీ కాక, ఓటు ఉండాలి.

అయితే పడిగె వట్టి బొమ్మ కాదు, వేల్పుల కొలుపులో పూజలందుకునేది. దాన్ని సర్కారు గోడకు ఎక్కించవచ్చునా? సంస్కృతిని కాపాడుకునే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకిచ్చింది. లకారం దగ్గర యాదవులు అడిగినట్టే కోయలూ అడగవచ్చు. సభ కాదంటే ఆ గోడ ఖాళీగానే ఉండాలి.