తోక మీద కంపెనీ పేరు

పిల్లలూ, నమూనా విమానానికి కంపెనీవాళ్ళ సాయం అడగడం తప్పు కాదు. కానీ ముందు ఎగరేసి చూపండి. చిన్ననాడు నమూనా విమానాలు చేసిన పాల్ మెక్‌క్రీడీ 1977లో మనిషి తొక్కితే ఎగిరే విమానంతో క్రెమర్ బహుమతి గెలిచాడు. ఆ తర్వాతే డ్యూపాంట్ కంపెనీ ముందుకొచ్చింది. దాని మైలార్ పొర తొడిగిన 'గోసమర్ ఆల్బట్రాస్' 1979లో ఇంగ్లీషు ఛానల్ దాటింది.

మీరూ థర్మోకోల్‌తో మొదలుపెట్టండి. పడిన ప్రతిసారీ బరువెంత, ఎన్ని సెకన్లు గాలిలో నిలిచింది నోటుబుక్కులో రాయండి. దాతకు చూపవలసింది ఆ పుస్తకమే.

బరువు పెంచే షరతుకు మాత్రం ఒప్పుకోకండి. కంఠేశ్వర్‌లో మా పిల్లలకు డబ్బిచ్చిన ఒక షాపు యజమాని, తోక మీద తన అట్ట బోర్డు అంటించమన్నాడు. గరిమనాభి వెనక్కి జరిగింది. విమానం ముక్కు పైకెత్తి, వేగం తగ్గి కూలింది. తప్పు నాదే, ముందే తూచవలసింది! రెండోసారి పేరు రంగుతో రాశాం. ఆ రంగునూ తూచాం.