సీసా చుట్టూ అక్షరాలు - తెలుగు ఎక్కడ?

వేసవి వస్తే సంతల్లో, బస్టాండు కొట్లలో బాదంపాలు, లస్సీ, పండ్లరసాల సీసాలు విరివిగా అమ్ముడవుతాయి. వాటిలో చాలావాటికి మెడ నుంచి అడుగుదాకా రంగురంగుల ప్లాస్టిక్ తొడుగు అంటిపెట్టుకొని ఉంటుంది. దీనినే స్లీవ్ అంటారు.

దీనిని తొడిగే యంత్రం పనితీరు చూడముచ్చటైనది. గొట్టంలాంటి పల్చని ఫిల్ము చుట్టగా వస్తుంది. యంత్రం దానిని విప్పి, కొలత ప్రకారం కత్తిరించి, దిండుకు గలీబు తొడిగినట్లు కదిలే సీసాపైకి జారవిడుస్తుంది. సీసా అక్కడినుంచి వేడిగాలి గానీ, ఆవిరి గానీ నిండిన సొరంగంలోకి పోతుంది. వేడికి ఫిల్ము ముడుచుకొని సీసా ఒంపులకు బిగిసిపోతుంది. పెద్ద యంత్రాలు నిమిషానికి వందల సీసాలకు తొడుగులు వేస్తాయి. ముడుచుకున్నాక బొమ్మలు, అక్షరాలు వంకరపోకుండా ముందే లెక్కగట్టి అచ్చువేస్తారు. మూతను కూడా కప్పే తొడుగైతే సీసాను ముందుగా ఎవరూ విప్పలేదని కొనేవారికి ధైర్యం. అంతవరకు మేలే.

అయితే ఈ తొడుగు లోపలి సరుకును కప్పేస్తుంది. రంగు మారిందా, అడుగున పేరుకుందా కనిపించదు. ఇక ఆధారం పైనున్న అక్షరాలే. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు, 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు కూడా వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపి హిందీలోనో ఉంటే చాలంటున్నాయి. ఇతర భాషలు అదనంగా వేసుకోవచ్చునట! తప్పనిసరి కాదు. చదువురానివారూ గుర్తుపట్టేలా శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రిభుజం పెట్టించిన ప్రభుత్వం, తెలుగు మాత్రమే చదివేవారిని మరవడం విచారకరం.

తేదీ వెతకడం మరో తంటా. తొడుగు చుట్టలు ముందుగానే అచ్చయి ఉంటాయి గనుక తేదీలను సరుకు నింపే చోట విడిగా కొడతారు. అవి మూతమీదనో, మెడమీదనో, అడుగుననో చుక్కల అంకెలుగా ఉంటాయి. ఎక్కడ చూడాలో చెప్పే మాట సైతం ఇంగ్లీషే. కొన్ని సీసాలను చల్లగానే ఉంచాలి, కొన్నింటికి అక్కర్లేదు. ఆ తేడా చెప్పే వాక్యమూ అంతే. మనవడికి సీసా కొనిచ్చే అవ్వ కొట్టువాని మాట నమ్మవలసిందే.

చోటు లేదనే సాకు ఇక చెల్లదు. కాగితపు చీటీ సీసాకు ఒకవైపే ఉండేది, తొడుగు చుట్టూతా ఉంటుంది. ఒకే తొడుగుతో పలు రాష్ట్రాల్లో అమ్మే సంస్థలకు ఇబ్బంది ఉన్నమాట నిజమే. కాని తెలుగు జిల్లాలలోనే అమ్ముకునే డెయిరీలకు ఆ చిక్కేమిటి? పైగా కొన్ని సంస్థలు సరుకు పేరును తెలుగులో పెద్దగా వేసి, గడువు, నిలవచేసే పద్ధతి మాత్రం ఇంగ్లీషుకు వదిలేస్తున్నాయి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రజాప్రతినిధులు ఈ నిబంధన మార్పుకు కేంద్రంపై ఒత్తిడి తేవాలి. ఈలోగా మన డెయిరీలు తమంతట తామే పూనుకోవచ్చు. ఇందుకు తొడుగు వేసే యంత్రాన్ని మార్చనక్కర్లేదు. కొత్త తొడుగులకు అచ్చు తయారు చేయించేటప్పుడు నాలుగు తెలుగు వరుసలు చేర్పిస్తే సరి.